కవ్వాల్‌లో పులి ఎందుకు ఆగట్లేదు?

ఇప్పచెట్టు_నీడ
చలికాలం వచ్చిందంటే చాలు, ఏటా అదే వార్త. మహారాష్ట్ర నుంచి పులి దిగింది, ప్రాణహిత దాటింది, సిర్పూర్ దగ్గర అడుగులు కనబడ్డాయి, కాగజ్‌నగర్ అవతల ఆవును పట్టింది, రైతులు జాగ్రత్తగా ఉండాలని అధికారులు చెప్పారు. ఒక ఫొటో, రెండు పేరాలు. మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఊసుండదు.

నా ప్రశ్న వేరు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. కోర్, అంటే లోపలి ముఖ్యమైన అడవి, 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న బఫర్‌తో కలిపి రెండు వేల పైమాటే. గోదావరి ఒడ్డు, కడెం నీళ్ళు, టేకు అడవి, అన్నీ ఉన్నాయి. 2022 జాతీయ లెక్కింపులో అక్కడ ఒక్క పులి కూడా తేలలేదు. రిజర్వ్‌లో లేని కాగజ్‌నగర్ వైపు మాత్రం ఆడపులులు పిల్లల్ని పెట్టి పెంచుకుంటున్నాయి.

ఈమధ్య జన్నారం వెళ్ళి సఫారీ ఎక్కాను. దుప్పులు కనబడ్డాయి, నెమళ్ళు కనబడ్డాయి, రెంటికంటే ఎక్కువ ఆవులు కనబడ్డాయి. పులి సంగతి అడిగితే జీపు నడిపే కుర్రాడు నవ్వేసి గేరు మార్చాడు. బోర్డు మీద పులి బొమ్మ పెట్టి పదేళ్ళు దాటింది. పులి ఎందుకు ఆగట్లేదో ఆ వైపు వాళ్ళు ఎవరైనా చెప్తారా?

చిల్లర_సందేహం
జన్నారంలో అద్దెలు పెరిగుంటాయి.

రిటైర్డ్_బీటు
ఆ జిల్లాలోనే కొలువు చేసి దిగిపోయిన. చెప్త, జర ఓపికగ చదువుండ్రి.

ముందుగాల మ్యాప్ తీసి చూడుండ్రి. పులి పుట్టేది మహారాష్ట్రల తాడోబా అడవి దిక్కు, తిప్పేశ్వర్ అడవి దిక్కు. రెండేండ్లు నిండంగనే మగ పిల్ల తల్లిని ఇడిసి సొంత జాగ ఎతుక్కుంటది. అక్కడ జాగ నిండిపోయింది. అందుకే ఇటు దిగుతది. ప్రాణహిత దాటితే మొదలు తగిలేది కాగజ్‌నగర్, పెంచికల్‌పేట, దహెగాం అడవులు. వాగులున్నయ్, వెదురున్నది, అడివి పందులున్నయ్, ఊరి పశువులున్నయ్. పదేండ్ల కింద ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి గట్లనే వచ్చి అక్కడ్నే పిల్లల్ని పెట్టింది. దాని సంతానం వల్లనే ఆ దిక్కు పులి నిలబడ్డది.

ఇగ అక్కడ్నుంచి కవ్వాల్ కోర్‌కు పోవాల్నంటే ఏమేం దాటాలె? కాజీపేట బల్లార్షా రైలు పట్టాలు. మంచిర్యాల చంద్రాపూర్ నాలుగు లైన్ల రోడ్డు. సింగరేణి బొగ్గు గనులు. కాలువలు. తర్వాత తిర్యాణి గుట్టలు. ఇవన్నీ దాటి వచ్చిన పులికి కోర్‌లో ఏం దొరుకుతది? మీరు చూసిన ఆవులే.

ఒక పులి ఏడాదికి దుప్పి సైజు జంతువులు యాభై దాక తింటది. అది తిన్నా మంద తరగొద్దంటే దాని చుట్టూ అయిదు వందల దుప్పులన్న ఉండాలె. దుప్పికి గడ్డి కావాలె. దట్టంగ పెట్టిన టేకు కింద గడ్డి సరిగ మొలవదు, మొలిచిన గడ్డిని ఊరి పశువులు ముందుగాల మేస్తయి. దుప్పి తరిగితే పులి వస్తది, చూస్తది, పోతది. పులికి బోర్డు చదవరాదు కద.

ఇప్పచెట్టు_నీడ
బీటు గారూ, ఇంత వివరంగా ఏ పేపర్లోనూ చూడలేదు. మరి గడ్డి పెంచే పనులేవీ జరగట్లేదా?

రిటైర్డ్_బీటు
జరుగుతున్నయ్. గడ్డి మైదానాలు చేస్తున్నరు, సాసర్ పిట్లు, అంటే జంతువులు తాగే నీళ్ళ తొట్లు, కట్టి ఎండకాలం ట్యాంకర్‌తోని నీళ్ళు పోస్తున్నరు. కాని అదే గడ్డి మీదికి పొద్దుగాల మంద తోలుతరు. ఆపబోతే లొల్లి. 2019ల సార్సాల కాడ మొక్కలు నాటనీకి పోయిన అధికారి మీద కర్రలతోని పడ్డది దేశం మొత్తం చూసింది గద.

సిర్పూరు_పత్తిచేను
మీ అందరి ముచ్చట బాగనే ఉన్నది. ఇగ మా దిక్కు నుంచి ఒకటి వినుండ్రి.

నవంబర్ వస్తే పత్తి ఏరుడు. నడుముకు ఒడి కట్టుకొని వంగి ఏరాలె. చెట్టు ఛాతీ దాక ఉంటది, వంగినోళ్ళు బయటికి కనబడరు. పక్క సాలుల ఉన్నది మనిషా పందా అన్నది గూడ తెల్వదు. పులికి ఏం తెలుస్తది? 2020 నవంబర్‌ల దహెగాం మండలంల ఒక పిల్లగాన్ని, అదే నెలల పెంచికల్‌పేట దిక్కు ఒక ఆడపిల్లను చంపింది. 2024 నవంబర్‌ల కాగజ్‌నగర్ మండలంల ఇంకో ఆడిమనిషి. ఆ పిల్ల, ఈమె ఇద్దరు పత్తి చేన్లనే పోయిన్రు.

అటెన్క వచ్చి మాస్కులు ఇచ్చిన్రు. తల ఎనక మనిషి మొఖం బొమ్మ పెట్టుకోవాల్నట. గుంపుల పోవాల్నట. పదింటికి పోయి నాలుగింటికి రావాల్నట. మంచు ఆరేదాక ఎట్లనూ ఏరం, అది సరే. కాని మా కూలి కిలో లెక్క. రెండు గంటలు తగ్గితే ఆ రెండు గంటల పత్తి ఎవరు ఏరుతరు? పులి పేరు మీద తగ్గిన కూలి ఎవరు ఇస్తరు? దీని మీద ఎవరన్న రెండు పేరాలు రాసిన్రా?

చిల్లర_సందేహం
అక్కా, ఆ మాస్కు పనిచేస్తుందా నిజంగా? జోక్ కాదు, అడుగుతున్నా.

సిర్పూరు_పత్తిచేను
ఎనక నుంచి చూస్తే మా ఆయనే నన్ను గుర్తుపట్టలేదు. పులి సంగతి నాకెట్ల తెలుసు.

బల్లార్షా_బాబాయ్
ఆ మాస్కు సుందర్బన్స్‌ల మొదలుపెట్టిన్రు, 1980లల్ల. పులి ఎనక నుంచే దూకుతది, మొఖం తన దిక్కు ఉంటే ఎనక్కి తగ్గుతదని. కొన్నాళ్ళు పనిచేసింది అంటరు, తర్వాత పులులు గూడ హుషారైనయ్ అంటరు.

మా చంద్రాపూర్ జిల్లా సంగతి చెప్తే మీరు పత్తి చేనుకు పోవుడే బంద్ చేస్తరు. జిల్లాల రెండు వందల మీద పులులు. సగం దాక రిజర్వ్ బయటనే. 2025 మే నెలల సిందేవాహి దిక్కు తునికాకు ఏరబోయిన ముగ్గురు ఆడోళ్ళను ఒకటే రోజు చంపింది పులి. అయినా మావోళ్ళు అడివికి పోతనే ఉంటరు. తునికాకు పైసలు లేకపోతే వానకాలం ఇత్తనాలు ఎట్ల కొంటరు?

డల్లాస్_డాబా
ఇవన్నీ చదివితే ఒకటే అనిపిస్తోంది. మనుషులూ పులులూ ఒకే చోట కుదరదు. కోర్‌లో ఊళ్ళు ఉండకూడదు, పశువులు ఉండకూడదు, అంతే. మంచి ప్యాకేజీ ఇచ్చి బయటికి పంపాలి. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004కల్లా పులులు మొత్తం అయిపోయాయి, మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009కల్లా అదే గతి. హెలికాప్టర్‌లో, ట్రక్కుల్లో తెచ్చి వదిలారు, ఇప్పుడు రెండు చోట్లా పులులున్నాయి. కవ్వాల్‌కీ అదే చేయాలి. ఊళ్ళు ఖాళీ, పులులు డెలివరీ.

బల్లార్షా_బాబాయ్
హెలికాప్టర్ ఎందుకయ్యా? సరిస్కాకు దారి తెగింది కాబట్టి తెచ్చిన్రు. ఇక్కడ నడిచే వస్తున్నయ్ కద. 2019ల తిప్పేశ్వర్ నుంచి మెడకు కాలర్ ఉన్న మగపులి ఒకటి బయలెల్లింది. ఆదిలాబాద్ దిక్కు గూడ తిరిగి, చేన్ల నుంచి, వాగుల నుంచి, రోడ్లు దాటుకుంట మహారాష్ట్రలనే ఉన్న జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. పదమూడు వందల కిలోమీటర్లు. దారిల ఊర్లు ఎన్నో, ఒక్కన్ని గూడ చంపలేదు. ఆడపులి కోసం తిరిగిందని చెప్పిన్రు.

చిల్లర_సందేహం
2024లో మహారాష్ట్ర కిన్వట్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా వచ్చిన జానీ పులీ ఇదే కేసు కదా. అది కూడా తోడు కోసమే అన్నారు. పాపం మన జిల్లాల్లో మగపులులకి సంబంధాలు కుదరట్లేదు. మ్యాట్రిమోనీలో ప్రొఫైల్ పెట్టండి: రెండు వందల కిలోమీటర్లు నడవగలడు, శాకాహారి కాదు, సొంత జాగా లేదు.

ఇప్పచెట్టు_నీడ
నవ్వు వచ్చింది కానీ అసలు పాయింట్ అక్కడే ఉందేమో. మగపులి దూరాలు తిరుగుతుంది. ఆడపులి తల్లి దగ్గర్లోనే జాగా చూసుకుంటుందని చదివాను. కవ్వాల్‌కి వచ్చేవన్నీ మగవే అయితే నాలుగు రోజులుండి వెనక్కి పోవడంలో వింతేముంది? ఆడపులి చేరాలంటే కాగజ్‌నగర్‌లో పుట్టినవి బతకాలి, మధ్యలో దారి ఉండాలి.

నల్లమల_జిగురు
డల్లాస్ అన్నకు ఒక మాట. ఊళ్ళు ఖాళీ చేయాల్నని అక్కడ కూసోని రాయడం అలక.

మేం చెంచులం. నల్లమలల అమ్రాబాద్ అడవి లోపలి పెంట, అంటే చెంచుగూడెం, మాది. తేనె, జిగురు, కుంకుడుకాయ మీద బతికినోళ్ళం. మేము లోపల ఉండంగనే 1983ల టైగర్ ప్రాజెక్ట్ వచ్చింది, మేము ఉండంగనే పులి ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. బేస్ క్యాంపులల్ల వాచర్లు ఎవరు? మా పిల్లలే. పులి అడుగు చూసి ఆడదా మగదా, పొద్దున పోయిందా రాత్రి పోయిందా చెప్పేది మావోళ్ళే. 2019ల యురేనియం అని బోర్లు ఏస్తమని వచ్చినప్పుడు అడ్డం నిలబడ్డది గూడ మేమే, తర్వాత పట్నపోళ్ళు కలిసిన్రు. అసెంబ్లీల తీర్మానం చేసినంకనే ఆగింది. మమ్ముల తీసేస్తే పులికి కాపలా ఎవరు, నీ హెలికాప్టరా?

డల్లాస్_డాబా
తమ్ముడూ, చెంచుల గురించి నేను అనలేదు. పశువులు, పోడు ఎక్కువైన ఊళ్ళ గురించి. ప్యాకేజీ కుటుంబానికి 10 లక్షలు ఉండేది, 2021లో 15 లక్షలు చేశారు. ఇష్టమైన వాళ్ళకే అని రూల్ కూడా ఉంది. పిల్లలకి స్కూలు, హాస్పిటల్ దగ్గరవుతాయి. అది తప్పెలా అవుతుంది? నా మాట మీదే ఉన్నాను.

నల్లమల_జిగురు
15 లక్షలు బ్యాంకుల ఏస్తే మోటార్ సైకిలు కొంటరు, పెండ్లి చేస్తరు, మూడేండ్లకు కూలికి పోతరు. జిగురు తీసేటోనికి రోడ్డు పక్క కాలనీల ఏం పని? అటవీ హక్కుల చట్టం 2006ల వచ్చింది. ముందు ఆ హక్కు తేల్చుండ్రి, ఆ తర్వాత ఇష్టమా కష్టమా అడుగుండ్రి.

కడెం_కాలువ
కవ్వాల్‌లో అది జరిగింది కూడా. మా మేనమామ వాళ్ళది మైసంపేట. రాంపూర్, మైసంపేట రెండూ కోర్‌లోవి, 2024లో మద్దిపడగ దగ్గర కొత్త కాలనీకి వచ్చేశారు. కొందరు డబ్బులు తీసుకున్నారు, ఎక్కువ మంది ఇల్లూ భూమీ తీసుకున్నారు.

మా అత్తని అడిగితే సగం సంతోషం, సగం దిగులు. కరెంటు పోదు, జ్వరం వస్తే ఆటో దొరుకుతుంది. ఇంతకుముందు వాన పడితే వాగు దాటలేక పురిటి మనిషిని మంచం మీద మోసుకొచ్చారు, ఆ బాధ తప్పింది. కానీ పశువుల్ని మేపే జాగా లేక అమ్మేశారు. ఇప్పపూవు రోజుల్లో మా మామ పొద్దున్నే లేచి ఎటు పోవాలో తెలీక గడపలో కూర్చునేవాడట. ఊరు కదిలిన చోట గడ్డి బాగా లేచిందని, దుప్పులు దిగుతున్నాయని వాచర్లు చెప్పారు. అంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, డల్లాస్ గారూ, జిగురు అన్నా.

నల్లమల_జిగురు
దుప్పి దిగితే మంచిదే. మీ మామను గూడ ఒకసారి లెక్కల రాసుకోమను.

జీవో_చదివినోడు
అందరూ కోర్ గురించే కొట్టుకుంటున్నారు. 2025లో అసలు గొడవ జరిగింది కోర్ గురించి కాదు, కారిడార్ గురించి, అంటే ఒక అడవి నుంచి ఇంకో అడవికి పులులు నడిచే దారి గురించి.

మే నెలాఖరులో జీవో 49 వచ్చింది. కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్. దాదాపు లక్షా యాభై వేల హెక్టార్లు, పరిధిలో 339 ఊళ్ళు. తాడోబాకీ కవ్వాల్‌కీ మధ్య ఉన్న ఆ కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవే. జూలై 21న జిల్లా బంద్ అయింది, అదే రోజు ప్రభుత్వం జీవోని పక్కన పెట్టింది.

చట్టం ఏం చెప్తుందో చూడండి. కన్జర్వేషన్ రిజర్వ్ అంటే అభయారణ్యం కాదు, టైగర్ రిజర్వూ కాదు. వన్యప్రాణి చట్టం సెక్షన్ 36ఎ. ప్రభుత్వ భూమిలోనే ప్రకటిస్తారు, లోపల ఉన్నవాళ్ళ హక్కులు పోవు, ఎవర్నీ లేపరు. జనం అనుకున్నంత భయం అందులో లేదు.

సిర్పూరు_పత్తిచేను
కాయిదం మీద ఉండదు సారూ. రేపు బోరు ఏస్కుంటమంటే పర్మిషన్, రోడ్డు ఏస్కుంటమంటే పర్మిషన్, ట్రాక్టర్ పోతే గేటు. పోడు పట్టా ఉన్నోళ్ళనే దున్ననిస్తలేరు. గీ సంగతి జీవోల రాసి ఉంటదా?

జీవో_చదివినోడు
రాసి ఉండదు. అదే సెక్షన్‌లో స్థానిక ప్రజల్ని సంప్రదించాకే ప్రకటించాలని కూడా ఉంది. గిరిజన ఏజెన్సీ ప్రాంతం, రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వస్తుంది. గ్రామసభలు పెట్టి, పటం గోడకి అంటించి, ఎవరి చేను లోపలో ఎవరిది బయటో చూపించి అడగాల్సింది. గ్రామసభల ఊసే లేకుండా వచ్చిందన్నది ఆందోళన చేసినవాళ్ళ మొదటి మాట. చట్టం మంచిదే, తెచ్చిన తీరు చెడ్డది. ఇప్పుడు మళ్ళీ ఆ పేరెత్తితే ఊళ్ళోకి జీపు కూడా రానివ్వరు.

రిటైర్డ్_బీటు
సత్తెం. పటం చూపిస్తే సగం లొల్లి ఉండకపోవు.

దోర్నాల_గేటు
మా వైపు కొస్తే కథ తిరగబడి ఉంటది. నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వ్ దేశంలోనే పెద్దది. రాష్ట్రం విడిపోయినాక అమ్రాబాద్ తెలంగాణకి పోయింది, అయినా పెద్దదే. 2018లో ఏపీ మొత్తానికి 48 పులులు, 2022లో 63. తెలంగాణలో అదే టైంలో 26 నుంచి 21కి దిగింది. మాకు చుట్టుపక్కల తాడోబా లేదు, నడిచొచ్చే పులుల్లేవు, ఉన్నవి ఉన్నచోటే పెరిగినయి.

కారణం నన్నడిగితే రెండు. ఒకటి, చాలా ఏళ్ళు నక్సలైట్ల భయంతో లోపలికి ఎవురూ పోలేదు, నరికేవోళ్ళూ పోలేదు. రెండు, రాత్రి గేటు. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరుకి తీస్తారు. మల్లన్న భక్తులు ఎంత తిట్టుకున్నా తీయరు. తెలంగాణలో మన్ననూరు వైపూ అంతే. ఆ తొమ్మిది గంటలు రోడ్డు అడివి జంతువులదే.

చిల్లర_సందేహం
మన్ననూరు గేటు దగ్గర 9:05కి చేరినవాడి బాధ పులికేం తెలుసు. రాత్రంతా కార్లో, తినడానికి చల్లారిన మిర్చీ బజ్జీలు.

రిటైర్డ్_బీటు
జన్నారంల గూడ రాత్రి భారీ బండ్లు ఆపిన్రు. దాని మీద ఎన్ని ధర్నాలు, ఎన్ని వినతిపత్రాలు. దేవుని కాడికి పోయే రోడ్డు మూస్తే ఓపిక పడతరు, ధాన్యం లారీ ఆపితే పట్టరు.

నల్లమల_జిగురు
నక్సలైట్లు ఉన్నప్పుడు లోపలికి ఎవరూ పోలేదన్నవ్ గేటు అన్నా. మేము లేమా లోపల?

దోర్నాల_గేటు
మీరు బయటి నుంచి పోయినోళ్ళు కాదు కదబ్బా, అందుకే లెక్కలోకి తీసుకోలా.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మాడాపురంలో నాలుగు పులికూనలు దొరికినయి, గుర్తుందా? కుక్కలు చంపకుండా ఊరోళ్ళే గదిలో పెట్టి కాపాడినారు. తల్లిని వెతకడానికి ఎంత మంది తిరిగారో. టి108 అని పేరు. కూనల్ని రాత్రి అడవిలో పెట్టి చూశారు, తల్లి రాలా. చివరికి తిరుపతి జూకి పంపారు. ఆ ఊరోళ్ళు కర్రలతో కొట్టి ఉంటే అడిగేవోడు ఎవుడు? కొట్టలా. అది గూడా రాయాల.

తూర్పు_గాలి
మా కాకినాడ జిల్లా ప్రత్తిపాడు దగ్గరికి 2022 ఎండాకాలంలో ఒకటొచ్చిందండి. వారాల తరబడి గేదెల్ని తింటా తిరిగింది. బోన్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు. బోను దాకా వచ్చి చూసుకుని వెళ్ళిపోయేది. తరాలుగా పులి మొహం ఎరగని ఊళ్ళు, సాయంత్రం ఆరింటికి తలుపులు బిగించేసేవారు. చివరికి దానంతటదే పోయింది. ఎవరూ దాన్ని చంపాలని చూడలేదు గానీ, గేదెల డబ్బులు త్వరగా చేతిలో పడడం అందుక్కారణం అని నా లెక్క.

రిటైర్డ్_బీటు
తూర్పు గాలి గారు అసలు గుట్టు చెప్పిన్రు.

పులి పెద్ద పశువును కొడితే ఒక్కరోజుల తినది. కడుపు నింపుకొని పోతది, రాత్రి మళ్ళ వస్తది. ఆ మధ్యల రైతు ఏం చేస్తడన్నదే పులి బతుకు. 2024 జనవరిల కాగజ్‌నగర్ దిక్కు దరిగాం కాడ రెండు పులులు చచ్చినయ్, కొట్టిన పశువు మీద పురుగుమందు చల్లిన కేసు. పత్తికి కొట్టే మందు ప్రతి ఇంట్ల ఉంటది, కొనబోవాల్సిన పని గూడ లేదు.

నేను కొలువుల ఉన్నప్పుడు ఒకటే పట్టు పట్టిన. కబురు రాంగనే పోవాలె, పొద్దు గూకక ముందే. గొంతు కాడ కోరల గాట్లు చూస్తం, రెండు గాట్ల మధ్య దూరం కొలుస్తం, ఈడ్చిన జాడ చూస్తం. పులి తొడ దిక్కు నుంచి తినుడు మొదలుపెడ్తది, చిర్త పొట్ట దిక్కు నుంచి. ఫొటో, పశువుల డాక్టర్ కాయిదం, పంచనామా. అక్కడికక్కడ చేతిల ఎంతో కొంత పెట్టగలిగితే ఆ రాత్రి మందు డబ్బా బయటికి రాదు. ఆర్నెల్లు తిప్పితే మాత్రం రెండో పశువు పోయిన నాడు నేను గ్యారంటీ ఇయ్య.

డల్లాస్_డాబా
దానికి ఒక యాప్ చేసి జీపీఎస్ ఫొటోతో క్లెయిమ్ పెడితే 48 గంటల్లో డబ్బులు పడేలా చేయొచ్చు. నేను వాలంటీర్‌గా కోడ్ రాస్తా, నిజంగా.

సిర్పూరు_పత్తిచేను
ముందుగాల టవర్ పెట్టియ్ బిడ్డా. మా చేన్ల సిగ్నల్ కావాల్నంటే గట్టు ఎక్కాలె, పులి గూడ అదే గట్టు మీద కూసుంటది.

చిల్లర_సందేహం
😂 ఈ దెబ్బకి డల్లాస్ మామ సైలెంట్.

సబ్‌స్టేషన్_చీకటి
మందు ఒక్కటే కాదు, కరెంటు ఇంకా ఘోరం. నేను లైన్ల మీద పనిచేస్త. చేన్లకు పందులు రాకుండ, లేకుంటే దుప్పి మాంసం కోసం, రాత్రి లైను మీదికి కొక్కెం ఏస్తరు. సన్నటి బైండింగ్ వైరు, కట్టె మేకులు, మోకాలి ఎత్తు, జంతువు నడిచే బాట పొంటి కిలోమీటర్ దాక గూడ గుంజుతరు. పొద్దు పొడువకముందే చుట్టేస్తరు.

మాకు తెలుస్తది. అర్ధరాత్రి పన్నెండు, ఒంటిగంటకు ఒకటే ఫీడర్ ట్రిప్ అయితే, అంటే ఒక్క లైనుకే కరెంటు కొట్టేస్తే, గాలి లేదు వాన లేదు, ఇగ అదే. ఇప్పుడు ట్రిప్ అయిన టైం ఫారెస్టోళ్ళకు చెప్పాల్నని, కలిసి తిరగాల్నని పెట్టిన్రు. బానే ఉన్నది, పోయినోనికి భయమే. చీకట్ల ఆ వైరు మనకూ కనబడది. మనుషులు గూడ పోయిన్రు దాని మీద.

రిటైర్డ్_బీటు
ఉచ్చులు గూడ. చెన్నూరు అడవిల కె4 అని ఒక ఆడపులి ఉండె. నడుముకు వైరు ఉచ్చు బిగుసుకున్నది కెమెరాల పడ్డది. మత్తు ఇచ్చి తీద్దమని నెలలు తిరిగినం, దొరకలేదు. ఎదిగే పులి, వైరు ఎదగదు. ఇప్పచెట్టు గారు అడిగిన్రు కద, ఆడపులి కవ్వాల్ దిక్కు ఎందుకు చేరదని. చేరబోయినది గట్లయ్యింది.

ఇప్పచెట్టు_నీడ
ఇది నేను వినలేదు. చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

పగ్‌మార్క్_పాతకాలం
అసలు ఈ లెక్కలు నమ్మచ్చా? 2006లో దేశంలో 1411 అన్నారు, 2022లో కనీసం 3167 అన్నారు. పదహారేళ్ళలో రెట్టింపు కంటే ఎక్కువ. పులులు పెరిగాయా, కెమెరాలు పెరిగాయా?

దోర్నాల_గేటు
రెండూ. పాతకాలంలో అడుగు మీద గాజు పలక పెట్టి గీసేవోళ్ళు. ఒకే పులి మట్టిలో ఒక సైజు, ఇసకలో ఒక సైజు. సరిస్కాలో పులులు అయిపోయినా కాగితం మీద బతికుండింది ఆ లెక్కతోనే. ఇప్పుడు బాటకి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు పెడతారు, ఎందుకంటే ఒకే పులికి కుడి వైపు చారలు వేరు, ఎడమ వైపు చారలు వేరు. చారలు కలిస్తేనే ఒక పులి. నేను కెమెరాలు కట్టేవోళ్ళ వెంట పోయినా, ఎక్కువ ఫొటోలు కుందేళ్ళవి, ఎలుగులవి, కెమెరాలోకి తొంగి చూసే కోతులవి.

పగ్‌మార్క్_పాతకాలం
మరి కాగజ్‌నగర్ పులులు ఏ రాష్ట్రం లెక్క? నవంబర్‌లో ఇక్కడ, ఏప్రిల్‌లో మహారాష్ట్రలో.

బల్లార్షా_బాబాయ్
ఎక్కడ ఫొటో పడితే అక్కడ. మాకు ఎక్కువున్నయ్, మీరే ఉంచుకోండి.

జీవో_చదివినోడు
రోడ్డు సంగతి ఎవరూ పూర్తి చేయలేదు. మహారాష్ట్రలోని పెంచ్ అడవి దగ్గర 44వ నంబర్ హైవే కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు, ఒకటి ముప్పావు కిలోమీటర్ పొడవు. కోర్టు దాకా వెళ్తే గానీ కట్టలేదు. ఇప్పుడు పులులు వాటి కింద నడుస్తున్న ఫొటోలు వందల్లో ఉన్నాయి. అక్కడ కుదిరింది మంచిర్యాల చంద్రాపూర్ రోడ్డుకీ, కాజీపేట బల్లార్షా మూడో రైలు లైనుకీ ఎందుకు కుదరదు? ఊరి మనిషిని కదిలించనక్కర్లేదు, ఎవరి చేనూ పోదు, ఒక్క గ్రామసభతో పని లేదు. రిజర్వ్ పేరుతో జీవో ఇవ్వడం కంటే ముందు చేయాల్సింది ఈ సిమెంటు పని అని నా వాదన.

రిటైర్డ్_బీటు
వంతెన మంచిదే. వంతెన దిగినంక దుప్పి ఉండాలె. నేను మళ్ళ గడ్డి కాడికే వస్త.

కడెం_కాలువ
గడ్డి, దారి, డబ్బులు. మూడింటిలో ముందు ఏది అంటే ఇక్కడ రాత్రంతా తేలదు.

సిర్పూరు_పత్తిచేను
ముందు డబ్బులే. నిన్న మాపటీలి మా పక్క చేను ఆయన ఆవును కొట్టింది. వాగు ఒడ్డుకు గుంజుకపోయి సగం తిన్నది. ఆయన కోపం మీద ఉన్నడు. బీటు సారూ, ఏం చెయ్యమంటరు?

రిటైర్డ్_బీటు
ఆవును కదిలించొద్దు, తోలు తియ్యనియ్యొద్దు, దగ్గరికి గుంపు పోవద్దు. మీ బీట్ ఆఫీసర్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యుండ్రి. గొంతు కనబడేటట్టు ఒక ఫొటో, మొత్తం కనబడేటట్టు ఒక ఫొటో, వెలుతురు ఉండంగనే. చెవికి ట్యాగ్ ఉంటే దాని ఫొటో. పశువుల డాక్టర్ వచ్చి చూసి కాయిదం రాయాలె. ఆయన పక్కన రాత్రికి ఎవరన్న తోడు ఉండుండ్రి, ఒక్కణ్ణి ఇడువొద్దు.

సిర్పూరు_పత్తిచేను
వచ్చిన్రు. ఇద్దరు ట్రాకర్లు, డాక్టర్. పంచనామా అయింది, సంతకాలు చేసినం. కళేబరం కాడ చెట్టుకు కెమెరా కట్టిన్రు. ఆయన ఇంక అలిగే ఉన్నడు గని, అన్నం తిన్నడు. రేపు మా చేన్ల ఏరుడు బంద్, కూలోళ్ళు రామన్నరు.

రిటైర్డ్_బీటు
దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకున్నరా? అది లేకుండ ఇంటికి రావొద్దని చెప్పు ఆయనకు.

సిర్పూరు_పత్తిచేను
తీస్కోలేదట. పొద్దుగాల మళ్ళ పంపుత.